కాలువగట్టున ఒక ఉపన్యాసము

సెప్టెంబరు 15 మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జయంతి. ఏటా ఆనాడు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సాంకేతిక కళాశాలలలో ఇంజనీర్ల దినోత్సవ ఉపన్యాసములు జరుగును. అధ్యాపకుల శిక్షణ తరగతులు వేరుగా ఉండనే ఉన్నవి.

విజయనగరములో 2007లో వెలసిన ఇంజనీరింగు కళాశాల 2022లో గురజాడవారి పేర విశ్వవిద్యాలయమైనది. తెలుగు చదువులో వాడుకభాషకు చోటుండవలెనని 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు అసమ్మతిపత్రము సమర్పించిన మహనీయుడాయన. ఉపన్యాసములు మాత్రము చాలవరకు ఆంగ్లమే! (నా తెలుగూ బరువైనదే, మన్నింతురుగాక.)

నాగావళిపై తోటపల్లిలో, వంశధారపై గొట్టాలో తలుపులెత్తు లస్కరుకు ఆ మాటలు చేరవు. ఈసారి ఒక్క ఉపన్యాసమైనను కాలువగట్టున, అతని యెదుట, తెలుగులో జరిపించరాదా? తలుపు ఏల బిగుసుకొనుచున్నదని అతడడిగినచో, ఆచార్యులు అక్కడికక్కడే బదులు చెప్పవలసివచ్చును.