రాసిచ్చిన మాట



తెలుగు, మరాఠీ, కన్నడ కలగలిసి వినిపించే మద్నూర్‌లో మాటకు కొదవ లేదు. రాతే తగ్గిపోయింది. గల్ఫ్ నుంచి వచ్చే ఉత్తరం కోసం ఈ జిల్లా పల్లెలు పోస్ట్‌మ్యాన్‌కు ఎదురుచూసిన కాలం పోయింది. ఫోన్‌లో మనిషి ముఖమే కనిపిస్తుంటే ఇంకా రాయడమెందుకని ఇవాళ పట్టా అందుకున్న మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నోటిమాట నీటిమూట అన్నారు పెద్దలు. అయితే రాత నిలిచేది కాగితం గట్టిదని కాదు; రాసినవాళ్లు తమ మాటకు తామే జామీను పడతారు గనుక. దయతో రాసిన మాటకు ఆ జామీను తోడైతే, అది రాసినవాళ్లకన్నా ఎక్కువకాలం బతుకుతుందని క్రైస్తవ విశ్వాసంతో నేను నమ్ముతున్నాను. నమ్మకంతోనే సరిపెట్టను, ఆధారమూ చూపుతాను.

కొత్త నిబంధనలో ఫిలేమోనుకు రాసిన పత్రిక ఉంది. మొత్తం 25 వచనాలే. చెరసాలలో ఉన్న పౌలు, ఒనేసిము అనే బానిసను యజమాని ఫిలేమోను దగ్గరికి తిప్పి పంపుతూ, ఇతన్ని సోదరుడిగా చేర్చుకొమ్మని అడిగాడు. అక్కడితో ఆగి ఉంటే అది మంచి సిఫారసు ఉత్తరం మాత్రమే. అతని బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో రాసుకొమ్మన్నాడు, తీరుస్తానని సొంత చేత్తో రాశాడు. మన భాషలో అది ప్రాంసరీ నోటు. ఫిలేమోను ఏం చేశాడో బైబిలు చెప్పదు. కానీ నచ్చని ఉత్తరాన్ని చించి పారేయడం ఎంతసేపు? ఎవరో దాన్ని దాచుకున్నారు. ఆ ఉత్తరం బానిసత్వాన్ని పోగొట్టలేదు కదా అంటే, నిజమే. 19వ శతాబ్దపు అమెరికాలో బానిసల యజమానులు తమ వాదనకు దీన్నే చూపించారు కూడా. పౌలు ఒనేసిమును తిప్పి పంపడాన్ని వాళ్లు పట్టుకుని, జామీనును వదిలేశారు.

మన తెలుగు నేల సాక్ష్యం 1853 నాటిది. శామ్యూల్ డే ప్రారంభించిన నెల్లూరు బాప్టిస్టు మిషన్ ఏళ్లు గడిచినా పెద్దగా ఫలించలేదు. దాన్ని మూసేయాలా అని అమెరికాలోని ఆల్బనీలో సభ జరిగింది. మూసేస్తే ఆ సంగతి నెల్లూరుకు రాయాలి. ఆ ఉత్తరం ఎవరు రాస్తారని మిషన్ సంస్థ కార్యదర్శి ఎడ్వర్డ్ బ్రైట్ అడిగాడంటారు. పటంలో ఒంటరి చుక్కలా ఉన్న నెల్లూరు మీద కవి శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఆ రాత్రే ‘లోన్ స్టార్’ అనే చిన్న పద్యం రాశాడు. దాన్ని సభలో చదివారు, మిషన్ నిలిచింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇదంతా పద్యం మహిమేనా? కాదు. యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకులు అంతకుముందే ఊరూరా తిరిగారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. పద్యం చేసింది మూసుకుపోయే తలుపుకు చెయ్యి అడ్డుపెట్టడం. అన్నం పెట్టకుండా చల్లని మాట చెప్పి పంపితే ఏం ప్రయోజనమని యాకోబు పత్రిక నిలదీస్తుంది. ఆ నిలదీత నాకు సమ్మతమే. పద్యం విన్నవాళ్లు కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోయి ఉంటే ఇవాళ దాని ఊసెత్తేవాళ్లు ఉండరు. వాళ్లు మనుషుల్ని పంపారు, ఖర్చు భరించారు.

రేపు మీలో కొందరు పంచాయతీ కార్యదర్శులవుతారు, టీచర్లవుతారు, బ్యాంకు కౌంటర్లో కూర్చుంటారు. ఒక అవ్వ పింఛను దరఖాస్తును తిప్పి పంపాల్సి వస్తుంది. కారణం ఆమెకు అర్థమయ్యే మాటల్లో రాయండి, ఏ కాగితం తెస్తే పనవుతుందో రాయండి, కింద మీ పేరు పెట్టండి. ఆమె దాన్ని మనవడితో చదివించుకుని, కొంగున ముడేసుకుని మళ్లీ ఆఫీసుకు వస్తుంది. ఆ రోజు ఆ కుర్చీలో మీరు ఉండకపోవచ్చు. ఉన్నవాళ్లు మీ రాత చదువుతారు.