తల్లిపాలు – ఎయిడ్స్ నివారణ : డాక్టర్ కూవాడియా కృషి

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పసిబిడ్డ ఉన్న తెలుగింట ఉగ్గుగిన్నె ఉండడం ఆచారం. ఒక పూట ఆముదం, ఒక పూట తేనె, అరగదీసిన వసకొమ్ము, పంచదార నీళ్లు – పెద్దలు ప్రేమతో పట్టేవి అనేకం. ఇరుగుపొరుగు తమిళుల ఇళ్లలోనూ ‘సేనై’ అని ఇటువంటి ఆచారమే ఉన్నది. ఈ చిన్న గిన్నెకూ ఎయిడ్స్ వంటి మహమ్మారికీ సంబంధమేమిటని ఎవరికైనా సందేహం కలుగుతుంది. ఆ సంబంధాన్ని లెక్కలతో సహా లోకానికి చూపినవారు దక్షిణాఫ్రికాకు చెందిన శిశువైద్యులు డాక్టర్ హూసెన్ కూవాడియా, ఆయన సహపరిశోధకురాలు అన్నా కుట్సూడిస్.

మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్నదని మొదట తెలిసింది మద్రాసులోనే. 1986లో మద్రాసు వైద్య కళాశాల విద్యార్థిని డాక్టర్ సెల్లప్పన్ నిర్మల, తన ఆచార్యురాలు డాక్టర్ సునీతి సాలమన్ మార్గదర్శకత్వంలో సేకరించిన రక్త నమూనాలలో ఆ క్రిమి జాడ బయటపడింది. సునీతి సాలమన్ 1993లో వై.ఆర్.జి. కేర్ అనే సంస్థను స్థాపించి, 2015లో కన్నుమూసేవరకు రోగుల సేవలోనే గడిపారు. అక్కడికి వచ్చిన స్త్రీలలో అత్యధికులు భర్తను తప్ప పరపురుషుని ఎరుగని గృహిణులని ఆ సంస్థ పరిశోధనలోనే తేలింది. నిందకు పాత్రులు కాని ఆ ఇల్లాళ్లే గర్భవతులైతే? చికిత్స లేకపోతే తల్లి నుండి బిడ్డకు ఈ వ్యాధి సోకే అవకాశం నూటికి 15 నుండి 45 వరకు ఉంటుంది. గర్భంలో, ప్రసవంలో, చివరకు చనుబాలలో కూడా సోకవచ్చు.

చనుబాల దగ్గరనే వైద్యలోకం తడబడింది. ధనిక దేశాలు తల్లిపాలు మాన్పించి డబ్బాపాలు పట్టమన్నాయి. శుభ్రమైన నీరు, సీసాలు కాచుకొనే వసతి లేని ఇంట డబ్బాపాలు పడితే బిడ్డ ఎయిడ్స్‌కు ముందే అతిసారంతో పోతుంది. ఇటు నుయ్యి, అటు గొయ్యి.

ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం జరిగిన డర్బన్ నగరం తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. 1860 మొదలు మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చెరకుతోటలకు కూలికి పోయినవారిలో మనవారు ఎందరో. కూవాడియా భారత సంతతి కుటుంబంలో 1940లో ఆ నగరంలోనే జన్మించారు. బొంబాయిలో వైద్యవిద్య ముగించి తిరిగి వెళ్లి, వర్ణవివక్షను ఎదిరిస్తూనే నల్లజాతి పిల్లలకు వైద్యం చేశారు.

తల్లిపాలు మంచివా చెడ్డవా అని అందరూ వాదిస్తూండగా, ఆయన బృందం వేరొక ప్రశ్న వేసింది: తల్లిపాలతో పాటు బిడ్డ నోట ఇంకేమి పడుతున్నది? 1999లో ప్రకటించిన అధ్యయనంలో 549 మంది తల్లుల బిడ్డలను పరిశీలించారు. మూడు నెలల వయస్సుకు, తల్లిపాలు తప్ప మరేమీ ఎరుగని బిడ్డలలో నూటికి 14.6 మందికి వ్యాధి సోకింది. తల్లిపాలతో పాటు నీళ్లో, ఇతర పాలో, ఆహారమో పట్టిన వారిలో 24.1. అసలు తల్లిపాలే తాగనివారిలో 18.8. కలగాపులగపు పోషణే అన్నింటికన్నా ప్రమాదకరమని తేలింది. బయటి పదార్థాలు పసిపేగుల లోపలి పొరను దెబ్బతీసి క్రిమికి దారి ఇస్తాయని వైద్యుల ఊహ.

చాలామంది నమ్మలేదు. ఏ తల్లి ఏ పద్ధతిని ఎన్నుకొన్నదో చూచి వేసిన లెక్క కదా అన్నారు. ఆ అనుమానం న్యాయమైనదే. విమర్శకు కోపగించుకోక, మళ్లీ మొదటినుండి పెద్ద ఎత్తున పని చేయడం ఆ పరిశోధకుల గొప్పతనం. 2007లో 1,372 మంది పసివారిపై ఫలితాలు వెలువడ్డాయి. తల్లిపాలతో పాటు ఘనాహారం కూడా పెట్టిన బిడ్డలకు, కేవలం తల్లిపాలు తాగేవారికంటె వ్యాధి సోకే ప్రమాదం పది రెట్లకు పైన. మూడు నెలల లోపు మరణాలు, కేవలం తల్లిపాలు తాగినవారిలో నూటికి 6.1 కాగా, బదులు పాలు పట్టినవారిలో 15.1.

నడుమ మరొక పోరాటం. ఎయిడ్స్‌కు కారణం హెచ్.ఐ.వి.యేనా అని ఆ దేశాధ్యక్షుడే శంకిస్తున్న రోజులలో, 2000లో డర్బన్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభకు కూవాడియా అధ్యక్షత వహించి, శాస్త్రం పక్షాన నిలిచారు. ప్రసవ సమయంలో తల్లికి ఒక్క మాత్ర, బిడ్డకు కొన్ని చుక్కలు ఇస్తే వ్యాప్తి దాదాపు సగం తగ్గే నెవిరాపిన్ మందును ప్రభుత్వం అందించవలసిందేనని 2002లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. కూవాడియా 2023లో పరమపదించారు.

నేడు ఆ ఒక్క మాత్ర కాలం దాటిపోయింది. మన దేశంలో దశాబ్దానికి పైగా, హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం వాడే మూడు మందుల చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. క్రమం తప్పక వాడితే, తల్లిపాలు పట్టినా బిడ్డకు సోకే అవకాశం నూటికి అయిదు కన్న తక్కువ. పుట్టిన బిడ్డకూ కొన్ని వారాలు మందు పోయాలి. ఆరు వారాలకు తొలి పరీక్ష, పదునెనిమిది నెలలకు తుది నిర్ధారణ. అన్ని నెలలు ఆగడమెందుకంటే, తల్లి నుండి వచ్చిన ప్రతిరక్షకాలు అంతవరకు బిడ్డ రక్తంలో నిలిచి ఉండి పరీక్షను తప్పుదోవ పట్టించవచ్చు.

మందులున్నాయి, డబ్బు అక్కరలేదు. అడ్డు వచ్చేది నలుగురూ ఏమంటారోననే భయం. 2017లో చేసిన, 2018 నుండి అమలులోనున్న చట్టం ప్రకారం ఈ వ్యాధి కారణంగా ఏ పాఠశాలా ఏ బిడ్డనూ కాదనరాదు, ఒకరి వ్యాధి సంగతి వారి అనుమతి లేక వెల్లడించరాదు. ఉపాధ్యాయులకు ఆ సంగతి తెలియవలసిన అవసరమూ లేదు. కలిసి కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా ఇది సోకదు.

కినత్తుకడవులోనైనా, కోయంబత్తూరులోనైనా తొలికాన్పుకు కూతురు పుట్టింటికి వస్తుంది. ఆమె తన మాత్రల సీసాను బియ్యపు డబ్బాలో దాచుకోవలసి వస్తే, చుట్టాలు నిండిన ఇంట ఏదో ఒక పూట మాత్ర తప్పిపోతుంది. వైద్యులు చెప్పిన ఆరు నెలలూ బిడ్డకు తల్లిపాలే పట్టాలని ఆమెకు తెలిసినా, కారణం చెప్పలేక, అమ్మమ్మ చేతిలోని ఉగ్గుగిన్నెను వద్దనలేదు. ఆ ఇంట పెద్దవారు కారణం అడగకుండానే ఆ గిన్నెను ఆరు నెలలు అటక మీద పెట్టగలిగితే, ఆమెకు నోరు విప్పవలసిన పనే ఉండదు.