బోరు వేసే ముందు ఒక లెక్క: పోరుమామిళ్ల చెరువు చెప్పిన మాట

ఈరోజు మాట్లాడేది బోరు గురించి.

"ఈ మూల ఇంకొకటి వేద్దాం, ఈసారి పడతాయి." ఇంట్లో నాయన ఈ మాట అంటుంటే విన్నోళ్లు మీలో చాలామందే ఉంటారు. అప్పు తెస్తాం, టెంకాయతో పాయింటు చూపిస్తాం, బోరు బండిని పిలుస్తాం. పడితే సరే. పడకపోతే దుమ్ము లేస్తుంది, అప్పు మిగుల్తుంది. పడినా, ఒక్కోసారి అవి పక్క చేను బోరులో తగ్గిన నీళ్లే. బోరు నీళ్లను తయారు చేయదు కదా, ఉన్నవాటిని తోడుతుంది, అంతే.

మరి ఉన్నవి ఎన్ని? ఈ ప్రశ్న మనవాళ్లు ఎప్పుడో వేసుకున్నారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు తెలుసు కదా? 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. ఇదంతా అక్కడి శాసనంలో ఉంది. మంచి చెరువుకు 12 లక్షణాలు, 6 దోషాలు కూడా అందులో రాశారు. కట్ట కారడం ఒక దోషం, చౌడు నేల ఒక దోషం. ఇంకొకటి వినండి: నీళ్లు తక్కువ, పారాల్సిన భూమి ఎక్కువ కావడం. వాన తక్కువని వాళ్లు దేవుణ్ణి తిట్టలేదు. ఉన్న నీళ్లకూ పెట్టిన పంటకూ పొంతన లేకపోతే అది మన తప్పే అన్నారు.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే సుమారు 4 వేల లీటర్లు. మన దగ్గర ఏడాది వాన 650 మిల్లీమీటర్లు అనుకుందాం. రాతి నేలల్లో అందులో పదో వంతు ఇంకితే గొప్ప. అంటే ఎకరానికి భూమిలోకి దిగేది 2.6 లక్షల లీటర్లు.

రబీలో బోరు కింద ఎకరం వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్లు కావాలి. అంటే 48 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 960! అందులో సగం తిరిగి ఇంకిందనుకున్నా, మిగిలిన సగానికే తొమ్మిది ఎకరాల వాన కావాలి. ఆ తొమ్మిదెకరాలు ఎవరివి? పక్కోళ్లవి. వాళ్లకూ బోర్లున్నాయి.

కేసీ కెనాల్ కింద ఉన్నోళ్ల సంగతి వేరు. పత్తికొండ, ఆలూరు పక్క కాలువ లేని చేలకు ఈ లెక్కే దిక్కు.

ఇది జరిగే పనేనా అంటారా? జరిగింది. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడుగా కర్నూలు, కడపతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. దాని పేరు ఏపీఎఫ్ఏఎంజీఎస్. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నీళ్ల బడ్జెట్ వేసుకున్నారు. "వరి వేయొద్దు" అని ఎవరూ ఆర్డరు వేయలేదు. లెక్క కళ్లముందు కనబడితే చాలామంది వాళ్లంతట వాళ్లే పంట మార్చుకున్నారు.

మీ చేతిలో ఫోను ఉంది. ఈ వారం ఒక పని చేయండి. మోటరు పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి స్టాప్‌వాచ్ నొక్కండి. వంద సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు. రోజుకు ఏడు గంటలు ఆడితే సుమారు 50 వేల లీటర్లు. అదే పని ప్రతినెలా చేసి నోట్స్‌లో రాసుకోండి. డ్రమ్ము నిండే టైము పెరుగుతూ పోతుంటే, మీ బోరు అలిసిపోతోందని అర్థం.

అప్పుడు నాయన దగ్గర కూర్చోండి. వాదించొద్దు, ఆ అంకెలు చూపించండి. "నాయనా, ఇన్ని నీళ్లే ఉన్నాయి, కొర్ర వేద్దామా, శెనగ వేద్దామా?" అని అడగండి. కొత్త బోరు మాట ఆ తర్వాత.

మీ డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో కామెంట్లో పెట్టండి, ఊరి పేరుతో సహా. మళ్లీ కలుద్దాం.