పదునేడేండ్ల పిచ్చర్



క్రికెట్టు తెలియనివారు మనలో అరుదు. బేస్‌బాల్ అన్నచో మాత్రము అది అమెరికావారి ఆట యనుట తప్ప చాలమందికి మరేమియు తెలియదు. కావున కథకు ముందు ఆట తీరును రెండు మాటలలో మనవి చేసెదను.

పక్షమునకు తొమ్మండుగురు ఆటగాండ్రు. బంతి విసరువానిని పిచ్చర్ అందురు. అతడు చిన్న దిబ్బపై నిలిచి, 60 అడుగుల 6 అంగుళముల దూరమున కఱ్ఱ పట్టి నిలిచిన ప్రత్యర్థి వైపు బంతి విసరును. క్రికెట్టులోవలె బంతి నేలను తాకి లేవదు. గాలిలోనే సూటిగా పోవును. మూడు మంచి బంతులను తప్పించుకొన్నవాడు వెనుదిరుగవలసినదే. దానిని స్ట్రైకవుట్ అందురు. మామూలు ఆటలో ఒక పక్షమువారిని మొత్తము 27 మారులు వెనుకకు పంపవలెను. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు.

అమెరికాలోని అయొవా రాష్ట్రము మొక్కజొన్న పండు సీమ. అచటి వాన్ మీటర్ అను చిన్న ఊరి చెంత, 1918 నవంబరు 3న, ఒక రైతు ఇంట బాబ్ ఫెల్లర్ జన్మించెను. తండ్రి బిల్ ఫెల్లర్‌కు ఆటయన్న ప్రాణము. పొలము పని ముగిసిన పిదప తండ్రికొడుకులు బంతి విసరుకొనుచుండిరి. శీతకాలమున బయట మంచు కురియుచుండగా కొట్టములో దీపములు వెలిగించుకొని ఆడిరి. పిల్లవాని చేతిలో వేగము పెరిగినకొలది తండ్రికి పట్టుట కష్టమయ్యెను. ఒకమారు ఆయన ఎదురుచూచిన బంతి ఒకటి, వచ్చినది మరొకటి, పక్కటెముకలు విరిగెను. అయినను ఆయన మానలేదు. 1932 ప్రాంతమున తన పొలములోనే ఒక మైదానము సిద్ధము చేసి, కంచె వేసి, ప్రేక్షకులకు బల్లలు అమర్చి, దానికి ఓక్ వ్యూ అని పేరిడెను. చుట్టుప్రక్కల ఊళ్లనుండి వచ్చిన పెద్దవారితో బాబ్ అచటనే ఆడెను.

1935లో క్లీవ్‌లాండ్ ఇండియన్స్ జట్టు తరఫున సై స్లాప్‌నికా అను నాతడు ఆ పల్లెకు వచ్చెను. పదునారేండ్ల పిల్లవాని బంతులను చూచి, అక్కడికక్కడే ఒడంబడిక వ్రాయించెను. ప్రతిఫలమెంత? ఒక డాలరు, జట్టువారి సంతకములు గల బంతి యొకటి. బాబ్ మైనరగుటచే తండ్రియు సంతకము చేసెను.

1936 వేసవి సెలవులలో బాబ్ క్లీవ్‌లాండ్ చేరెను. జులై 6న జరిగిన స్నేహపూర్వకపు ఆటలో సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టువారిని మూడు ఇన్నింగ్సులలో ఎనమండుగురిని స్ట్రైకవుట్ చేసెను. ఆగస్టు 23న మొదటినుండి తానే విసరిన తొలి ఆటలో సెయింట్ లూయీ బ్రౌన్స్‌పై ఆ సంఖ్య 15. సెప్టెంబరు 13న ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌పై 17. పదునేడేండ్ల వాడు, పదునేడు స్ట్రైకవుట్లు! ఇరువది యేడింట పదునేడు! పిదప ఆ బాలుడు చేసినదేమి? పుస్తకములు చేతబట్టి పాఠశాల చివరి తరగతిలో కూర్చుండుటకు వాన్ మీటర్ తిరిగి వెళ్లెను.

అంతలో చిక్కు వచ్చిపడెను. నాటి నిబంధనల ప్రకారము పెద్ద జట్లు బడి పిల్లలను నేరుగా చేర్చుకొనరాదు. చిన్న జట్ల ద్వారా తీసుకొనవలెను. క్లీవ్‌లాండ్ వారు కాగితములపై మాత్రమే అట్లు నడిపించిరి. డి మోయిన్ నగరపు జట్టువారు ఫిర్యాదు చేసిరి. తీర్పు చెప్పవలసినవాడు బేస్‌బాల్ కమిషనర్, న్యాయమూర్తి లాండిస్. ఒడంబడిక చెల్లదన్నచో బాబ్ స్వతంత్రుడగును. అప్పుడు లక్ష డాలర్లైనను ఇచ్చుటకు ఇతర జట్లు సిద్ధముగా నుండెను. ఏ తండ్రికైనను మనసు చలించు ఘట్టమిది. కాని తండ్రికొడుకులు క్లీవ్‌లాండ్‌నే కోరుకొనిరి. డిసెంబరులో లాండిస్ ఒడంబడికను నిలిపి, డి మోయిన్ జట్టుకు 7,500 డాలర్లు చెల్లింపుమని క్లీవ్‌లాండ్ వారిని ఆదేశించెను. ఒక డాలరుకు ఇచ్చిన మాట నిలిచెను.

1937లో బాబ్ పాఠశాల పట్టము పొందిన ఉత్సవమును ఎన్.బి.సి. రేడియో దేశమంతటికి ప్రసారము చేసెను. పల్లెటూరి బడిపిల్లల పండుగ కొక దేశము చెవియొగ్గుట రేడియోలో పనిచేయు మా బోంట్లకు ముచ్చట గొలుపు విషయము.

అయితే వేగమొక్కటియే విద్య కాదు. 1938లో బాబ్ 240 స్ట్రైకవుట్లు సాధించిన మాట నిజమే. గురి తప్పిన బంతులతో 208 మందిని ఊరకే మొదటి స్థానమునకు పంపిన మాటయు నిజమే. ఆ అక్టోబరు 2న డిట్రాయిట్‌పై 18 స్ట్రైకవుట్లతో కొత్త రికార్డు నెలకొల్పెను. ఆట మాత్రము 4-1తో ఓడిపోయెను. గురి కుదురుటకు కాలము పట్టెను. 1940 ఏప్రిల్ 16న, ఋతువు తొలిదినముననే, షికాగో వైట్ సాక్స్‌కు ఒక్క హిట్టైనను ఇయ్యక గెలిచెను. ఆ యేట అతని విజయములు 27.

1941 డిసెంబరులో కొత్త ఒడంబడిక మాటలకై కారులో షికాగో పోవుచుండగా, పెరల్ హార్బరుపై దాడి వార్త కారులోని రేడియోలో వినబడెను. తండ్రి అప్పటికే క్యాన్సరు వ్యాధిగ్రస్తుడు. ఆ కారణముతో బాబ్ సైన్యమునకు పోకుండ ఉండవచ్చును. ఆతడు వెంటనే నౌకాదళమున చేరెను. అలబామా యుద్ధనౌకపై ఫిరంగి దళమున పనిచేసెను. 1943లో తండ్రి మరణించెను. 1945 ఆగస్టులో బాబ్ తిరిగివచ్చునప్పటికి ఇంచుమించు నాలుగు ఋతువులు, చేతిలో బలము నిండుగా నున్న వయసులో, గడచిపోయినవి. 1946లో 348 స్ట్రైకవుట్లు సాధించి, ఆ బలము తగ్గలేదని చూపెను.

1956లో విరమించునాటికి విజయములు 266, స్ట్రైకవుట్లు 2,581. 1962లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానము లభించెను. 2010లో, తన 92వ యేట, ఆతడు కన్నుమూసెను.

పోయిన నాలుగు ఋతువులను కలిపి ఆ సంఖ్యలు ఎంతయగునో లెక్కగట్టువారు నేటికిని కలరు. నాకు మాత్రము మరియొక లెక్క తోచును. కొట్టములో, దీపపు వెలుగున, పగలంతయు పొలమున పాటుపడి వచ్చిన తండ్రి పట్టిన బంతులెన్ని? వానిని ఎవరును వ్రాసిపెట్టలేదు. మన ఇండ్లలో సాయంకాలము పిల్లలు మన చేతిలో బంతియో, పలకయో పెట్టి పిలిచినప్పుడు, అలసితిమని చెప్పుటకు ముందు ఒక్కమారు ఆ కొట్టమును తలచుకొందము.