ఓడరేవు కౌంటరు దగ్గర ఉద్యోగం: ఎవరిస్తారు, ఎవరిది బాధ్యత?

(కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల డిగ్రీ విద్యార్థినులు, బీడీ కార్మిక స్త్రీలు కలిసి పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"స్త్రీలు - ఉద్యోగాలు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం మీద మాట్లాడితే మనమంతా తలలూపి ఇళ్ళకు వెళ్తాం తప్ప పెద్దగా ఉపయోగం ఉండదు. అందుకని ఒక్క ఉద్యోగాన్ని తీసుకుని విప్పి చూద్దామనుకుంటున్నాను. అది క్రూయిజ్ టెర్మినల్‌లో చెక్-ఇన్ ఉద్యోగం. అంటే విహార నౌకలు ఆగే రేవులో, ఓడ ఎక్కబోయే ప్రయాణీకుల కాగితాలు చూసి లోపలికి పంపే పని.

కరీంనగర్‌లో ఓడ ఉద్యోగమేమిటని నవ్వుతున్నారు. నవ్వండి. మన నీళ్ళు గోదావరి నీళ్ళు. ధర్మపురిలోనో బాసరలోనో పడవ ఎక్కడమే మనకు తెలిసిన ప్రయాణం. అయినా "ఎయిర్‌పోర్టు, క్రూయిజ్ గ్రౌండ్ స్టాఫ్ కావలెను, అమ్మాయిలకు ప్రాధాన్యం" అనే కాగితాలు మీ కాలేజీ గోడల దాకా వచ్చాయి. మీలో కొందరి చేతుల్లో ఇప్పుడు కూడా ఉన్నాయి. సముద్రం మన జిల్లాలకు రాలేదు గాని, సముద్రం పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్ళు వచ్చారు.

మన దగ్గర వలస కొత్త కాదు. బొంబాయిలో కామాటిపురకు ఆ పేరు వచ్చింది తెలంగాణ నుంచి వెళ్ళిన కామాటీ కూలీల వల్లనే. సిరిసిల్ల పద్మశాలీలు భివండి, షోలాపూర్ మగ్గాల మీదికి వెళ్ళారు. 1970ల నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, ఖానాపూర్ ప్రాంతాల మగవాళ్ళు దుబాయి, సౌదీ, మస్కట్ బాట పట్టారు. వాళ్ళ కథలు చాలామంది రాశారు. ఏజెంటుకు కట్టిన అప్పుకు మిత్తి ఎవరు కట్టారన్నది మాత్రం తక్కువమంది రాశారు. ఇంటి దగ్గర చాట ఒడిలో పెట్టుకుని, వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టే కూలీతో కట్టింది స్త్రీలే. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. మంచిదే. కాని ఆ స్త్రీ మిత్తి కట్టిన ఏళ్ళలో ఆమెను ఏ ప్రభుత్వమూ లెక్కలోకి తీసుకోలేదు. చనిపోయినవాడి భార్యగానే ఆమె కాగితాల్లోకి ఎక్కింది.

ఇప్పుడు ఆ స్త్రీల కూతుళ్ళు డిగ్రీ చదివారు. ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. ఇక్కడికి వచ్చిన ఒక తల్లి పొద్దున నాతో అన్నది: "ఆకు కత్తిరించీ కత్తిరించీ నా ఏళ్ళు పోయినయ్. నా బిడ్డ ఏసీల నిలబడి పని జేయాలె." ఆ కోరిక చాలా న్యాయమైనది. దాన్ని చిన్నబుచ్చే మాట ఒక్కటి కూడా నేను అనబోవడం లేదు. ఆ కోరికను ఎవరు సొమ్ము చేసుకుంటున్నారన్నదే నా ప్రశ్న.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. విహార నౌక రేవుకు వచ్చిన రోజు పాత ప్రయాణీకులు దిగుతారు, కొత్తవాళ్ళు ఎక్కుతారు. వందలు, వేలమందిని కొద్ది గంటల్లో ఎక్కించాలి. కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషి టికెట్టు కాగితం, పాస్‌పోర్టు, ఓడ వెళ్ళే దేశాలకు వీసా, ఆరోగ్య పత్రం చూడాలి. ప్రయాణీకుల ఫోటో తీయాలి. ఓడలో చేసే ఖర్చులకు వాళ్ళ బ్యాంకు కార్డును జతచేయాలి. గది తలుపు తెరవడానికీ, ఓడ ఎక్కి దిగడానికీ పనికొచ్చే కార్డు ఇవ్వాలి. పాస్‌పోర్టు గడువు సరిపోకపోతే "మీరు ఎక్కడానికి వీల్లేదు" అని చెప్పవలసిందీ ఆమే. కుటుంబమంతా కొత్తబట్టలు వేసుకుని వచ్చి నిలబడితే, ఆ మాట చిరునవ్వుతో చెప్పాలి. తిట్లు పడాలి. పొరపాటున ఎక్కించిందా, అవతలి దేశంలో ఓడ కంపెనీ మీద జరిమానా పడితే మాట మళ్ళీ ఆమెకే వస్తుంది.

ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1983లో విమానాల్లో పనిచేసే స్త్రీల మీద ఒక పుస్తకం రాసింది. కోపాన్ని మింగి, ఎదుటివాళ్ళకు హాయి కలిగేలా మొహాన్ని, మనసును కూడా దిద్దుకోవడం ఒక శ్రమ అనీ, దాన్ని కంపెనీ అమ్ముకుంటుందనీ ఆమె చెప్పింది. ప్రకటనలో "అమ్మాయిలకు ప్రాధాన్యం" అని ఉంటే దాన్ని గౌరవంగా అనుకోకండి. ఇంట్లో మనకు ఉచితంగా నేర్పిన ఓర్పును అక్కడ చౌకగా కొంటున్నారు.

ఇంకో సంగతి. ఈ పని ఓడ వచ్చిన రోజునే ఉంటుంది. విశాఖపట్నంలో సుమారు 96 కోట్ల ఖర్చుతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. భవనం బ్రహ్మాండంగా ఉంది. అంతకుముందే, 2022 జూన్‌లో, కార్డీలియా ఓడ చెన్నై నుంచి అక్కడికి వచ్చింది. కాని అక్కడికి విహార నౌకలు వచ్చే రోజులు ఏడాదిలో చాలా కొద్ది. ఆ కొద్ది రోజుల కోసం ఎవరు ఎవరికి నెలజీతం ఇస్తారు? ఇలాంటి ఓడలకు మన దేశంలో ప్రధానమైన రేవు ముంబయి. 2025 సెప్టెంబరులో అక్కడ కొత్త టెర్మినల్‌ను ప్రారంభించారు. దుబాయి, అబుదాబి, దోహా రేవుల్లో ఓడల రాక చలికాలంలోనే ఎక్కువ, ఎండలు ముదిరితే తగ్గిపోతుంది. అమెరికాలో, ఇంగ్లాండులో ఈ కౌంటర్ల దగ్గర ఓడ రోజుల్లో మాత్రమే వచ్చి పనిచేసే స్థానికులు చాలామంది కనిపిస్తారు. మయామీ కౌంటరు కోసం మంచిర్యాల నుంచి మనిషిని విమానం ఎక్కించి తీసుకుపోతామని ఎవరైనా చెబితే, వాళ్ళను ఒకటికి పదిసార్లు అడగాలి. పైగా ఇప్పుడు ప్రయాణీకులు ఇంట్లోనే ఫోనులో సగం చెక్-ఇన్ చేసుకుని వస్తున్నారు. కౌంటర్ల దగ్గర మనుషుల అవసరం తగ్గుతోంది.

యజమాని ఎవరు? ఇది అసలు చిక్కు. భవనం పోర్టుది. ఓడ కంపెనీది. కౌంటరు దగ్గరి మనిషి మాత్రం చాలాచోట్ల ఈ ఇద్దరిలో ఎవరి మనిషీ కాదు. ఓడ తరఫు ఏజెంటో, మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరో పెట్టుకున్న మనిషి. యూనిఫారం మీద ఓడ పేరు ఉంటుంది, జీతం కాగితం మీద ఇంకెవరి పేరో ఉంటుంది. మన దేశంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఆ స్మృతుల మీద కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలు నాకూ ఉన్నాయి. కాని ఆ ఒక్క కాగితం పట్టుబట్టి తీసుకోండి. దానిమీద ఎవరి సంతకం ఉందో వాళ్ళే యజమాని. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం కాంట్రాక్టు మనిషికీ వర్తిస్తుంది, ఇది కూడా గుర్తుంచుకోండి.

ఇక చట్టం దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే మీ అమ్మలకూ మీకూ మధ్య చట్టం ఒక గీత గీసింది.

1983 వలస చట్టం కింద, పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని ముద్ర పడుతుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్ళాలంటే వాళ్ళు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. అదే పాస్‌పోర్టు స్త్రీకి ఉంటే, 30 ఏళ్ళు నిండేదాకా అనుమతే ఇవ్వరు. నిండినా, 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారా మాత్రమే వెళ్ళాలి. తెలంగాణలో ఆ సంస్థ టామ్‌కామ్. స్త్రీలను కాపాడడానికే ఇదంతా అంటారు. 29 ఏళ్ళ మగవాడు మోసపోతే అది ఏజెంటు నేరం. 29 ఏళ్ళ స్త్రీ మోసపోతుందేమోనని ఆమె ప్రయాణమే నేరం! నిషేధం వల్ల వలస ఆగదు. విజిట్ వీసా మీద, దొంగదారిన సాగుతుంది. అలా వెళ్ళి ఖల్లివెల్లి అయిన స్త్రీ ఫిర్యాదు చేయడానికి కూడా భయపడుతుంది.

మీ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. మీరు డిగ్రీ చదివారు. మీ పాస్‌పోర్టుకు ఏ అనుమతీ అక్కర్లేదు. స్వేచ్ఛ వచ్చింది, సంతోషమే. కాని మీ ఒప్పందం కాగితాన్ని ఈ దేశంలో ఏ అధికారీ చూడడు. మీరు ఎక్కడ, ఎవరి దగ్గర పనికి వెళ్ళారో నమోదు ఉండదు. మీలాంటి వాళ్ళు కూడా ఈ 18 దేశాలకు వెళ్ళే ముందు వివరాలు నమోదు చేసుకోవడం 2019 జనవరి నుంచి తప్పనిసరి అని కేంద్రం ప్రకటించి, తర్వాత పక్కన పెట్టింది. అమ్మను గడప దాటనివ్వకపోవడం రక్షణ అయింది, కూతుర్ని ఎక్కడికి వెళ్తున్నావని అడగకపోవడం స్వేచ్ఛ అయింది. ఏజెంట్లు ఈ ఖాళీని మనకంటే ముందు కనిపెట్టారు.

2024లో సిరిసిల్ల పోలీసులు బయటపెట్టిన సంగతి మీకు తెలిసిందే. కంప్యూటరు ఉద్యోగమని డబ్బు తీసుకుని కంబోడియాకు పంపితే, అక్కడ బంధించి సైబర్ మోసాలు చేయించారు. వెళ్ళినవాడు చదువులేని కూలీ కాదు.

ఓడ పేరుతో జరిగే గారడీ ఇంకొకటి ఉంది. ఓడ మీద పని వేరు, రేవులో పని వేరు. ఓడ సిబ్బందిగా చేర్చుకునే సంస్థకు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. అంతర్జాతీయ నావిక కార్మిక ఒడంబడిక ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుల దగ్గర ఫీజు తీసుకోకూడదు. మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. రేవులో కౌంటరు దగ్గర పనిచేసే మనిషి నావికురాలు కాదు, ఆమెకు ఈ రక్షణ లేదు. అయితే ఆమెకు సముద్ర భద్రతా శిక్షణ, నావికుల గుర్తింపు పుస్తకం కూడా అక్కర్లేదు. ఏజెంటు ఏం చేస్తాడంటే, రేవు ఉద్యోగం చూపించి ఓడ శిక్షణకు ఫీజు కట్టించుకుంటాడు. కొన్నాళ్ళకు "ఓడలో ఖాళీ వచ్చింది, ఇంకొంత కట్టు" అంటాడు. రెండుచోట్లా వసూలు చేస్తాడు, ఒక్కచోటా బాధ్యత తీసుకోడు.

కాబట్టి ప్రకటన చేతికి రాగానే ఇది ఓడ మీదా, ఒడ్డు మీదా అని అడగండి. విదేశమైతే, ఏజెంటు రిజిస్ట్రేషను నంబరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30 వేలు, దానిమీద జి.ఎస్.టి. అంతే. లక్షన్నర అడిగాడంటే లెక్క మీకే తెలుస్తుంది. దుబాయి దేశపు చట్టమైతే, 2022 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్నది, నియామకం ఖర్చు యజమానే భరించాలంటుంది. మనిషి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కూడా అంటుంది. రోజంతా ఇతరుల పాస్‌పోర్టులు చూసే అమ్మాయి తన పాస్‌పోర్టు ఎక్కడుందో చెప్పలేని స్థితి రాకూడదు. విజిట్ వీసా మీద వెళ్ళి తర్వాత మార్చుకోవచ్చన్న మాట నమ్మకండి. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ నేరం.

"ఇన్ని చిక్కులుంటే ఆడపిల్లను ఎందుకు పంపాలె?" అని వెనక నుంచి ఒక పెద్దాయన అడుగుతున్నారు. అయ్యా, మగపిల్లవాణ్ణి పంపేటప్పుడు కూడా ఈ చిక్కులన్నీ ఉన్నాయి. అప్పుడు మీరు అప్పు కోసం తిరిగారు, ఇప్పుడు అడ్డు కోసం తిరుగుతున్నారు.

ఉద్యోగం దొరికాక కూడా తగవు ఉంటుంది. ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు ఎయిర్ హోస్టెస్ చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి గర్భం ధరించినా ఉద్యోగం పోయేది. మామూలుగా 35 ఏళ్ళకే విరమణ. నర్గీస్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను కొట్టేసింది గాని, నాలుగేళ్ళ పెళ్ళి నిబంధనను సమర్థించింది! ఇవాళ ఆ నిబంధనలు అలా రాసిపెట్టి ఉండవు. "25 ఏళ్ళలోపు, అవివాహిత, చక్కని రూపం" అని ప్రకటనలోనే వడపోసేస్తారు. పాస్‌పోర్టుల గడువు చూడడానికి చక్కని రూపం ఎందుకో నాకు అర్థం కాలేదు.

టామ్‌కామ్ మన జిల్లాల్లో డిగ్రీ చదివిన అమ్మాయిల కోసం కూడా ఒప్పందాలు చదివిపెట్టే ఒక బల్ల వేయాలి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ 2016లో ఎనిమిది జిల్లాలయ్యాయి, ఎనిమిది కలెక్టరేట్లున్నాయి. ఒక్కొక్క దానిలో ఒక బల్ల, ఒక మనిషి. 30 ఏళ్ళ నిషేధం ఎత్తివేయాలి. శిక్షణ పేరుతో ఫీజు తీసుకుని ఉద్యోగం చూపించని సంస్థలు ఆ డబ్బు తిరిగి ఇచ్చేలా నియమం ఉండాలి. ఈ మూడూ రాసిన అర్జీ ఇక్కడ బల్ల మీద ఉంది. చదివి, ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి.

ప్రకటన కాగితాలు తెచ్చినవాళ్ళు ముందుకు రండి. ఒక్కొక్కటీ గట్టిగా చదివి, యజమాని పేరు ఎక్కడుందో వెతుకుదాం.