అలల మీద పలక



విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవడు సర్ఫింగ్ నేర్చుకుంటానన్నాడు. ఇంట్లో అందరూ నా ముఖం చూశారు. మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసినవారికి సముద్రం సరదా వస్తువు కాదు. అయినా వద్దనలేదు, షరతులు పెట్టాను.

మొదటిది చోటు. హంసలదీవి వద్దు, కృష్ణ సముద్రంలో కలిసేచోట ప్రవాహాన్ని నమ్మరాదు. మంగినపూడిలో లోతు తక్కువే గాని, అడుగున నల్లటి బురద. కొత్తవాడికి ఇసుక అడుగు, నడుము లోతు నీరు, విరిగి నురుగుగా వచ్చే చిన్న అలలు, పక్కన శిక్షకుడు కావాలి. అందుకు విశాఖ రుషికొండ మేలు. అక్కడైనా తుఫాను హెచ్చరిక ఉంటే దిగరాదు. అలల మధ్య ప్రశాంతంగా కనిపించే పాయే మనిషిని లోపలికి లాగుతుంది. చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి.

ఇక పలక. కుర్రాళ్లకు పొట్టిగా, మొన తేలిన బోర్డు మీద మోజు. కొత్తవాణ్ణి అది నిలవనివ్వదు. పైన మెత్తటి ఫోమ్ ఉన్న, 8 లేక 9 అడుగుల వెడల్పాటి బోర్డు కావాలి. మన పల్లెకారులు తేలిక దుంగలు కట్టిన తెప్ప మీద అలలు దాటి రావడం లేదూ? సూత్రం అదే, బాగా తేలాలి. బోర్డును కాలికి కట్టే తాడు గట్టిదో కాదో లాగి చూడాలి. ముందు అద్దెకు తీసుకోవాలి, కొనుగోలు తర్వాత. (మూడు కొటేషన్లు లేనిదే ఫైలు కదపని గుమాస్తాను!)

ఈత రానిదే ఇవన్నీ దండగ. మనవడు ప్రస్తుతం ఈతకొలనుకు వెళ్తున్నాడు. బోర్డు ఫైలు ఇంకా నా బల్ల మీదే ఉంది.