ఎవరి గోడు ఎవరు చెప్పాలి

 

మన తాతముత్తాతలు మలయా తోటల్లోకి కూలికి వచ్చిన రోజుల్లో వాళ్ల గోడు వినడానికి ఒక ఏజెంటు ఉండేవాడు. 1922 వలస చట్టం కింద ఢిల్లీ ప్రభుత్వం నియమించిన అధికారి. తోటలు తిరిగి, కూలి రేట్ల గురించి పైకి రాసేవాడు. 1937లో శ్రీనివాస శాస్త్రిగారు కూడా ఇక్కడి కూలీల స్థితిగతుల మీద నివేదిక ఇచ్చారు. వాటివల్ల మేలేమీ జరగలేదని నేను అనను. అయితే ఏది రాయాలి, ఏది వదిలెయ్యాలి అన్నది తోటలో పనిచేసినవాళ్ల చేతుల్లో లేదు. ఆ పేచీ ఇంకా తీరలేదు.

2005 డిసెంబరులో ఆసియాన్ శిఖరాగ్ర సమావేశం ఇక్కడ కౌలాలంపూర్‌లోనే జరిగింది. అదే సమయంలో పక్కనే షా ఆలంలో పౌరసంఘాల తొలి ఆసియాన్ సదస్సు పెట్టారు. వాళ్ల మాట దేశాధినేతల దాకా వెళ్లింది. తలుపు తెరుచుకుందని అందరం సంబరపడ్డాం. నాలుగేళ్లు తిరిగేసరికి, 2009 అక్టోబరులో థాయ్‌లాండ్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో దేశాధినేతలతో భేటీకి పది దేశాల పౌరసంఘాలు తలా ఒక ప్రతినిధిని ఎన్నుకుంటే, వాళ్లలో ఐదుగురిని సొంత ప్రభుత్వాలే లోపలికి రానివ్వలేదు. కొన్ని దేశాలు వాళ్ల స్థానంలో తమకు నచ్చినవాళ్లను కూర్చోబెట్టాయి. నిరసనగా మరికొందరు బయటికి నడిచారు. ఆసియాన్ మానవ హక్కుల కమిషన్‌ను ప్రారంభించింది కూడా ఆ సమావేశంలోనే! ఫిర్యాదు ఎవరిమీదో వాళ్లే ఫిర్యాదుదారుణ్ణి ఎంపిక చేస్తే, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఒకటే.

ఐక్యరాజ్యసమితిలోనూ ఇదే తంతు. అక్కడ సంఘాలకు సమావేశాల్లో పాల్గొనే వీలిచ్చే సంప్రదింపుల హోదా ఇవ్వాలా వద్దా అన్నది 19 ప్రభుత్వాల కమిటీ చూస్తుంది. ఒక్క సభ్యదేశం ఒక్క ప్రశ్న వేస్తే చాలు, దరఖాస్తు తర్వాతి సమావేశానికి వాయిదా పడుతుంది. అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక దరఖాస్తు 2008లో పరిశీలనకు వచ్చింది. భారత ప్రతినిధులు ప్రశ్న వెనక ప్రశ్న వేస్తూనే పోయారు. చివరికి 2022 డిసెంబరులో ఆర్థిక సామాజిక మండలి ఓటింగు పెట్టి హోదా ఇచ్చింది. కారంచేడు, చుండూరు దళిత ఊచకోతలు చూసిన మన తెలుగు నేలకు ఆ పద్నాలుగేళ్ల నిరీక్షణ పరాయి సంగతి కాదు.

మలేసియా దగ్గరికి వద్దాం. మన దేశ మానవ హక్కుల స్థితిని ఐక్యరాజ్యసమితి జెనీవాలో సమీక్షించినప్పుడు 54 సంఘాలు కోమాంగో పేరుతో కలిసి నివేదిక పంపాయి. 2013 అక్టోబరులో సమీక్ష జరిగింది. 2014 జనవరిలో హోంశాఖ ఆ కూటమి చట్టవిరుద్ధమని ప్రకటించింది. కోమాంగో వాదనలను వ్యతిరేకించిన ముస్లిం సంఘాల కూటమి కూడా అదే సమీక్షలో పాల్గొంది. వాళ్లకూ ఆ హక్కు ఉండాల్సిందే, ఇందులో నాకు రెండో మాట లేదు. నాకు నచ్చిన గొంతుకే తలుపు తియ్యమంటే అది న్యాయం అనిపించుకోదు.

లోపలికి వెళ్తే దక్కేది ఎంతో తెలుసా? ఆ సమీక్ష మూడున్నర గంటలు సాగుతుంది. అందులో దేశాలే మాట్లాడతాయి. సంఘాలు వెనక వరుసల్లో కూర్చుని వినాలి. నెలల తర్వాత నివేదికను ఆమోదించే రోజున ఒక్కొక్కరికి దాదాపు రెండు నిమిషాలు. పేరు, సంఘం, అధ్యక్షులకు కృతజ్ఞతలు అనేసరికి పావు వంతు పోతుంది. టైము దాటితే మైకు ఆగిపోతుంది.

ఇలాంటి కాస్త సమయాన్ని ఎలా వాడుకోవాలో ప్రపంచానికి నేర్పిన సంస్థ మన కౌలాలంపూర్‌లోనే ఉంది. శాంతి దైరియం గారు 1993లో ఇవ్రా ఆసియా పసిఫిక్ స్థాపించారు. ఐక్యరాజ్యసమితి మహిళలపై వివక్ష నిర్మూలన కమిటీ ముందుకు ఏ దేశం వస్తే ఆ దేశపు మహిళా సంఘాలకు ఈ సంస్థ 1997 నుంచీ శిక్షణ ఇస్తోంది. ప్రభుత్వం ఇచ్చిన నివేదికలో ఏం దాచిందో కనిపెట్టడం, దానికి దీటుగా షాడో రిపోర్టు రాయడం, కమిటీ సభ్యులతో మాట్లాడటం అన్నీ చెబుతారు. వాళ్ల తరఫున సంస్థ మాట్లాడదు, వాళ్లనే తీసుకెళ్లి మాట్లాడిస్తుంది. దైరియం గారు తర్వాత అదే కమిటీలో సభ్యురాలయ్యారు. నాకు తెలిసి ఈ ఊరు గర్వపడాల్సిన పనుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

ఈరోజు పట్టాలు అందుకున్న మీలో లా చదివినవాళ్లున్నారు, ఎకనామిక్స్, నర్సింగ్ చదివినవాళ్లున్నారు. ఈ దేశం మళ్లీ సమీక్షకు వస్తుంది. దానికి రాతపూర్వకంగా సమాచారం పంపడానికి ఏ హోదా అక్కర్లేదు. ఒక్క సంఘమే పంపితే 2,815 పదాలు, కొన్ని సంఘాలు కలిసి పంపితే 5,630. బాగన్ దాతో కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగి, ఇంటి పట్టా కోసమో పింఛను కోసమో ఆఫీసుల చుట్టూ తిరిగిన అవ్వలు మన ఇళ్లల్లో ఉన్నారు. వాళ్లు చెప్పేది తెలుగులో, మధ్యమధ్య మలయ్‌లో. మనం జెనీవాకు పంపేది ఇంగ్లీషులో. ఆ మూడు భాషలూ వచ్చినవాళ్లు మీరు. వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి, చెప్పింది చెప్పినట్టు రాయండి, రాసింది వాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు సరేనన్నాకే పంపండి.